పొర ఎన్ని మిల్లీమీటర్లు అని కాదు, ఏ రోజున అని అడగండి

ఎప్పుడూ బడుల గురించి, తెలుగు పుస్తకాల గురించి రాసే నేను ఈ పొద్దు గర్భసంచి గురించి రాస్తున్నాను. ఆడవాళ్ల సంగతి మనకెందుకని మగవాళ్లు దాటేసి పోవద్దు. మీరు చదవాలనే ఇక్కడ పెడుతున్నాను.

మన హోసూరు, కృష్ణగిరి వైపు పెళ్లయిన రెండేండ్లకు బిడ్డ లేకపోతే, మొదట కోడల్నే స్కానుకు పిలుచుకుపోతారు. చీటీలో 'ఎండోమెట్రియం 5 మి.మీ.' అని ఉంటుంది. ఇక్కడైతే తమిళంలో రెండు మాటలు చెప్పి పంపుతారు, బెంగళూరుకు పోతే కన్నడంలోనో ఇంగ్లీషులోనో. ఇల్లు చేరేసరికి అది 'పొర పలచనంట, నిలవదంట' అయిపోతుంది. అత్తకు, ఆడబిడ్డకు, పక్కింటామెకు కూడా ఆ అంకె తెలిసిపోతుంది. పరీక్షలో తప్పిన పిల్లకు మార్కులు చెప్పినట్టు!

ఆ పొర సంగతి ఏమంటే, అది నెలనెలా రాలి, మళ్లీ పెరిగేది. ముట్టు రోజుల్లో 1 నుంచి 4 మి.మీ. ఉంటుంది. తర్వాత ఫాలికల్ అంటారే, గుడ్డు ఉండే నీటి బుడగ, అది పెరిగేకొద్దీ ఈస్ట్రోజెన్ ఊరి పొర 5, 6, 7కు వస్తుంది. బుడగ 18, 20 మి.మీ. అయి గుడ్డు విడుదలయ్యే ముందు పొర ఇంకా మందమై, 11 దాకా కూడా పోయి, స్కానులో మూడు గీతల మాదిరి కనబడుతుంది. గుడ్డు వచ్చినాక ప్రొజెస్టెరాన్ వల్ల గీతలు చెదిరి తెల్లగా మారుతుంది, 16 దాకా మందం కావచ్చు. కాబట్టి ఆరో రోజున 5 ఉంటే అది ఉండాల్సినట్టే ఉంది. పద్నాలుగో రోజున అదే 5 ఉంటే అప్పుడు మాట్లాడాలి. రోజు రాయని అంకెతో ఏమి తెలుస్తుంది?

కొలత కూడా మనిషి చేసేదే. లోపలి నుంచి చేసే స్కానులో, నిలువుగా చూసి, అన్నిటికన్నా మందమున్న చోట, ముందు గోడ పొర, వెనక గోడ పొర రెండూ కలిపి కొలుస్తారు. చెయ్యి మారితే ఒక మిల్లీమీటరు అటూ ఇటూ కావచ్చు. 6.8 వచ్చిందని ఏడ్చి, 7.2 వచ్చిందని గుడికి పోవడం దండగ.

ఇంక మందుల నెల వేరు, మామూలు నెల వేరు. గుడ్డు పెరగడానికి ఇచ్చే క్లోమిఫిన్ మాత్ర కొందరిలో పొరను పలచన చేస్తుంది, ఎందుకంటే అది ఈస్ట్రోజెన్‌ పనిని అడ్డుకుంటుంది. లెట్రోజోల్ ఒంట్లోంచి బిరీన పోతుంది, ఆ ఇబ్బంది తక్కువ. అంటే ఆ నెల పొర పలచనైతే తప్పు మాత్రది కూడా కావచ్చు, పిల్లది కాదు. సూదులు వేస్తే ఇంకో రకం. గుడ్లు చానా పెరిగి, ఈస్ట్రోజెన్ ఎక్కువై పొర మందంగానే ఉంటుంది. కానీ ప్రొజెస్టెరాన్ ముందే పెరిగితే, పిండం కంటే పొర ముందుకు పోతుంది. మందముంది, అదును తప్పింది. అందుకే ఇప్పుడు చానా చోట్ల పిండాలను గడ్డకట్టించి పెట్టి, తర్వాతి నెలల్లో లోపల పెడతారు. ఈ ఆలోచన మన దేశంలో కొత్తది కాదు. 1978లో కలకత్తాలో డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ సూదులతో గుడ్లు పెంచి, పిండాన్ని గడ్డకట్టించి, తర్వాత మందులు లేని నెలలో లోపల పెట్టినారు. అక్టోబరు 3న బిడ్డ పుట్టింది. ఆయన్ను అప్పుడు నమ్మలేదు, ఎగతాళి చేసినారు, 1981లో ఆయన ప్రాణం తీసుకున్నారు. ఆ కథ ఇంకో రోజు.

డాక్టర్లు 7 మి.మీ. అని ఒక గీత గీస్తారు. దానికి కింద ఉంటే అవకాశం తగ్గుతుంది, నిజమే. కానీ లేకుండా పోదు, అంతకన్నా పలచన పొరతో కన్నవాళ్లు ఉన్నారు. నెల నెలా పలచనగానే ఉంటే దానికి కారణం వెతకాలి. ముందెప్పుడో గర్భసంచి శుభ్రం చేసినప్పుడు గీరుకుపోయి ఉండొచ్చు, మన దేశంలో గర్భసంచి క్షయ కూడా ఉంది. అవి చూడకుండా ఇంకో నెల మాత్రలు, ఇంకో స్కాను, ఇంకో పదిసార్లు బస్సు చార్జి అంటే నాకు ఒప్పుదల కాదు. ఇంకొకటి, మగవాడి వీర్యపరీక్ష ఆ మొదటి వారంలోనే కావాలి. కోడలికి ఆరు స్కాన్లు అయినాక కొడుకును పంపే ఇళ్లు మన మధ్యనే ఉన్నాయి.

2021లో వచ్చిన సంతాన సాఫల్య కేంద్రాల చట్టం ప్రకారం అవకాశం ఎంత, ఖర్చు ఎంత, ఒంటికి హాని ఏమి అని కేంద్రం వాళ్లు దంపతులకు చెప్పాలి, రాతపూర్వకంగా ఒప్పుదల తీసుకోవాలి. అర్థం కాని నుడిలో చెప్తే చెప్పినట్టేనా? తమిళం మీద నాకు కోపం లేదు, ఆ డాక్టర్ల మీద అంతకన్నా లేదు. వందమంది బయట కాచుకుని ఉంటే ఎవరు మాత్రం ఎంతసేపు చెప్తారు? కానీ అడిగే హక్కు మనది. చీటీ చేతికి రాగానే చూడండి: ముట్టు మొదటి రోజు, ఇది ఎన్నో రోజు, ఏ మందు వాడుతున్నారు, మందం ఎంత, మూడు గీతలు ఉన్నాయా లేదా, బుడగ ఎంత. ఏది లేకపోతే అది రాసి ఇమ్మని అడగండి.

సంఘం తరఫున బడికి పుస్తకాలు మోసినాము, ఇది కూడా మోయలేమా? తమిళం, తెలుగు రెండూ వచ్చి, స్కానుకు తోడుగా పోగల అక్కచెల్లెళ్లు హోసూరులో, కృష్ణగిరిలో ఎవరున్నారో నాకు విడిగా రాయండి. ఏ వారం ఎవరికి కుదురుతుందో పట్టిక నేను వేస్తాను.