గడ్డిపోచకు గల విలువ చేతిపనికి లేదా?

ఉత్తర బీహారులోని మధుబని, దర్భంగా, సీతామఢీ జిల్లాల చిత్తడి నేలలలో సిక్కి అనే గడ్డి పెరుగుతుంది. వర్షాలు వెనుకబట్టిన తరువాత స్త్రీలు దానిని కోసి, పూతకొసలు తొలగించి, కాడలు చీల్చి ఎండబెడతారు. ఎండిన కాడ బంగారు వన్నె దేలుతుంది.

ఈ పనికి మగ్గం లేదు, యంత్రం లేదు. సాధనమల్లా కొయ్యపిడి గల ‘తకువా’ అనే ఇనుప సూది. ముంజగడ్డి పరకలను కట్టగా చేర్చి, అడుగు నడుమ నుండి చుట్టుచుట్టుగా త్రిప్పుతూ, దానిపై సిక్కి పోగును చుట్టి, క్రింది వరుసను సూదితో గ్రుచ్చి, పోగును ఆ రంధ్రం గుండా లాగి బిగిస్తారు. ఒక వరుస వదులైతే పై వరుసలన్నీ వంకరపోతాయి. మూతగల పౌతీ, ధాన్యపు మౌనీ ఇలా తయారవుతాయి. ఆడపిల్లను అత్తవారింటికి పంపునప్పుడు వీటిని సారెగా ఇవ్వడం మిథిలలో ఆచారం.

ఈ శ్రమకు ప్రతిఫలమేమి? ఇంటి అరుగుమీద జరిగే పని గనుక దీనిని తీరికవేళ వ్యాపకమంటారు. గడ్డి కోసిన దినాలు, రంగులద్దిన దినాలు లెక్కకు రావు. బుట్టకింతని ధర కడతారు. ఇంటివద్ద పనిచేసే కార్మికులను ఇతర వేతన కార్మికులతో సమానంగా చూడాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో 177వ ఒడంబడికను ఆమోదించింది. భారత ప్రభుత్వం దానిని ధ్రువీకరించలేదు. పైగా 1952లో ఏర్పడిన అఖిల భారత హస్తకళల బోర్డును 2020లో రద్దు చేసింది. కళను పొగడే నోరు కూలి మాట వచ్చేసరికి మూతపడుతున్నది.

రైల్వే, తపాలా ఉద్యోగులకు దీనితో సంబంధమేమని కొందరు అడుగవచ్చు. సంబంధం ఉన్నది. 2022 నుండి రైల్వేలు ‘ఒక స్టేషన్ – ఒక ఉత్పత్తి’ పేర స్థానిక వస్తువులకు స్టాళ్ళు ఇస్తున్నవి. ఆ స్టాలు అల్లినవారి చేతిలో ఉన్నదో, దళారి చేతిలో ఉన్నదో ప్లాట్‌ఫారంపై పనిచేసే మనకు కనబడుతుంది. బుట్ట తూకం స్వల్పం, పరిమాణం అధికం. పరిమాణాన్ని తూకంగా లెక్కగట్టే పార్సెలు పద్ధతి దానికెంత భారమో కౌంటరులో కూర్చున్న మనకు తెలుసు.

కనుక స్టాళ్ళ కేటాయింపులో అల్లేవారికీ వారి సహకార సంఘాలకూ ప్రథమ స్థానం ఇవ్వాలనీ, చేతిపని పార్సెళ్ళకు ప్రత్యేక రేటు నిర్ణయించాలనీ, 177వ ఒడంబడికను ధ్రువీకరించాలనీ మన శాఖలన్నీ తీర్మానించాలి.

సోదర ఉద్యోగులారా! కరువు భత్యమూ, సెలవులూ మనకు ఎవరి దయవల్లనూ లభించలేదు. సంఘటితులమై పోరాడి సాధించుకున్నాము. సంఘం లేని ఆ చేతుల పక్షాన నిలవడం దానం కాదు, మన కర్తవ్యం. ఒంటి పోచ తెగుతుంది. కట్టగా చేరిన పోచలే బుట్టకు బలం.