మూత మూసిన ల్యాప్‌టాప్

ల్యాప్‌టాప్ మూత వేసేసి, పెద్ద మానిటర్ ముందు విడి కీబోర్డు, మౌస్‌తో పని చేసుకోవడం ఇంటి నుంచి ఉద్యోగం చేసేవాళ్లకు బాగా అలవాటైన ఏర్పాటు. ల్యాప్‌టాప్‌లో తెర, కీబోర్డు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. తెరను కంటి ఎత్తుకు లేపితే చేతులు గాల్లో ఉంటాయి, చేతులకు వీలుగా పెడితే మెడ వంగుతుంది. 24 లేదా 27 అంగుళాల మానిటర్‌ను చేతి దూరంలో, పై అంచు కంటి మట్టానికి వచ్చేలా పెట్టుకుంటే ఆ ఇబ్బంది పోతుంది. గంటల తరబడి కూర్చునేవాళ్ల మెడకు, భుజాలకు ఈ మార్పు మేలు చేస్తుంది.

మూత పడిన సంగతి యంత్రానికి అయస్కాంతం ద్వారా తెలుస్తుంది. చాలా మోడళ్లలో తెర చట్రంలో చిన్న అయస్కాంతం, కీబోర్డు వైపు హాల్ సెన్సర్ ఉంటాయి. అమెరికన్ శాస్త్రవేత్త ఎడ్విన్ హాల్ 1879లో కనుగొన్న సూత్రమే దీనికి ఆధారం. అయస్కాంతపు బకిల్ ఉన్న వాచీ పట్టీ ఆ చోటికి దగ్గరగా వస్తే, మూత తెరిచి ఉన్నా కొన్ని ల్యాప్‌టాప్‌లు నిద్రలోకి జారుకుంటాయి. పాడైందనుకుని రిపేరు షాపుకు పరుగెత్తే ముందు చేతిపట్టీ తీసి చూడాలి.

మూత పడ్డాక ఏం చేయాలో నిర్ణయించేది ఆపరేటింగ్ సిస్టమ్. విండోస్‌లో కంట్రోల్ ప్యానెల్, పవర్ ఆప్షన్స్‌లోకి వెళ్తే మూత మూసినప్పుడు జరగాల్సిన పనికి రెండు గళ్లు కనిపిస్తాయి: ఒకటి బ్యాటరీ మీద నడిచేటప్పటిది, రెండోది ఛార్జర్ పెట్టి ఉన్నప్పటిది. ఛార్జర్ గడిలో మాత్రమే ‘డూ నథింగ్’ పెట్టాలి. రెండింటిలోనూ అదే పెట్టేస్తే, సాయంత్రం మూత వేసి బ్యాగులో సర్దిన ల్యాప్‌టాప్ లోపల నడుస్తూనే ఉంటుంది. గాలి ఆడని బ్యాగులో కాగిపోయి, ఇంటికి చేరేసరికి ఛార్జింగ్ అడుగంటుతుంది.

మ్యాక్‌బుక్‌లకు సెట్టింగ్ అక్కర్లేదు. ఛార్జరు, మానిటరు, కీబోర్డు, మౌస్ కలిపి మూత వేస్తే చాలు. 2024లో వచ్చిన ఎం3 మ్యాక్‌బుక్ ఎయిర్ అయితే మూత మూసి ఉన్నప్పుడే రెండు మానిటర్లను నడుపుతుంది, మూత తెరిస్తే ఒక్కటే.

కేబుల్ దగ్గర చాలామంది పొరబడతారు. హెచ్‌డీఎంఐ బొమ్మను, ధ్వనిని మోస్తుంది తప్ప ల్యాప్‌టాప్‌ను ఛార్జ్ చేయదు. యూఎస్‌బీ-సీ బొమ్మను మోయడం, ఛార్జ్ చేయడం రెండూ చేయగలదు, కానీ ఆ ఆకారంలో ఉన్న ప్రతి పోర్టూ కాదు. పోర్టు మానిటర్‌కు బొమ్మ పంపే డిస్‌ప్లేపోర్ట్ ఆల్ట్ మోడ్‌ను గానీ థండర్‌బోల్ట్‌ను గానీ ఇస్తుందో లేదో, మానిటర్ ఎన్ని వాట్లు ఇస్తుందో కొనే ముందే స్పెసిఫికేషన్లలో చూసుకోవాలి. 90 వాట్ల ఛార్జరుతో వచ్చిన యంత్రానికి 45 వాట్లిచ్చే మానిటర్‌ను తగిలిస్తే, బరువైన పని పడినప్పుడు బ్యాటరీ తరిగిపోవచ్చు.

అన్నిటికన్నా పట్టించుకోవాల్సింది వేడి. చాలా ల్యాప్‌టాప్‌లు అడుగు నుంచి గాలి పీల్చి మడతబందు దగ్గర వదులుతాయి. కొన్నింటిలో కీబోర్డు సందుల్లోంచీ వేడి బయటికి పోతుంది. మూత వేస్తే ఆ దారి మూసుకుంటుంది, వేడి నేరుగా తెరకు తగులుతుంది. ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. పైగా నిత్యం 100 శాతం ఛార్జింగ్‌తో, వేడిలో ఉండే లిథియం అయాన్ బ్యాటరీ త్వరగా ముసలిదవుతుంది, కొన్నిసార్లు ఉబ్బుతుంది కూడా. రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెల ఎండ 45 డిగ్రీలు తాకే రోజుల్లో, ఏసీ లేని గదిలో మూత వేసి వీడియో ఎడిటింగ్ చేయించడం యంత్రానికి శిక్షే. అప్పుడు మూత తెరిచే ఉంచి, డిస్‌ప్లే సెట్టింగుల్లో పెద్ద మానిటర్‌ను మాత్రమే ఎంచుకోవడం మేలు. మామూలు రోజుల్లో నిలువు స్టాండు మీద పెడితే రెండు వైపులా గాలి ఆడుతుంది. తయారీదారు సాఫ్ట్‌వేర్‌లో ఛార్జింగ్‌ను 80 శాతం దగ్గర ఆపే వీలుంటే తప్పక వాడుకోవాలి.

కరెంటు పోతే ల్యాప్‌టాప్‌కు బ్యాటరీ ఉంటుంది, మానిటర్‌కు ఉండదు. అందుకే మానిటర్‌ను ఇన్వర్టర్ పాయింటుకు కలపాలి. మూత కింద కెమెరా, వేలిముద్ర సెన్సర్ కూడా మూసుకుపోతాయి, చాలా మోడళ్లలో పవర్ బటన్ కూడా అక్కడే ఉంటుంది. వీడియో మీటింగులుంటే విడి వెబ్‌క్యామ్ కావాలి.

విండోస్ ల్యాప్‌టాప్‌తో ఈ ఏర్పాటు పెట్టుకున్నవాళ్లు ఈరోజే ఒకసారి పవర్ ఆప్షన్స్ తెరిచి, బ్యాటరీ గడిలో ‘స్లీప్’ ఉందో లేదో చూసుకోండి.