ఆటకు యజమాని ఏర్పడినప్పుడు

పులి-మేక ఆటకు యజమాని లేడు. రచ్చబండ రాతిపై గీసిన గీతలు ఊరందరివి. వామనగుంటలును, అష్టాచెమ్మయు అట్టివే. నాలుగు గవ్వలు, గుప్పెడు చింతగింజలు ఉన్నచో ఆట సాగును. ఒకరు గెలిచినను, ఓడినను మూడవవానికి లాభము లేదు. ఆటకొక యజమాని ఏర్పడి, ఆడువాని అలవాటే వాని ఆదాయమైనచో ఏమి జరుగును? వీడియో గేముల వ్యాపారము నేడు మనముందుంచుచున్న ప్రశ్న ఇదియే.

పూర్వము ఇంటి టెలివిజనుపై ఆడు వీడియో గేమును పుస్తకమువలె ఒక్కసారి వెలయిచ్చి కొనెడివారు. అంతటితో నిర్మాతకును ఆటగానికిని నడుమ లెక్క తీరెడిది. మొదటి ఆట మెప్పించినచో రెండవది అమ్ముడుపోవును. కావున ఆటగాని మెప్పే నిర్మాతకు మూలధనము. సెల్ ఫోనులు వ్యాపించిన పిదప ఈ పద్ధతి మారెను. ఆట ఉచితము, అందలి వేషములకు, ఆయుధములకు, త్వరగా ముందుకు సాగుటకు మాత్రము వెల. ఉచితముగా ఆడువారు అసంఖ్యాకులు, డబ్బు వెచ్చించువారు కొలదిమంది. ఆ కొలదిమందిచేత మరల మరల వెచ్చింపజేయుటయే వ్యాపార రహస్యమైనది. ఆట రక్తి కట్టుచున్నదా యను విచారణ వెనుకబడి, ఆటగాడు ఎంతసేపు నిలిచినాడు, ఎంత వెచ్చించినాడు అను గణన ముందునకు వచ్చెను.

ఇందుకు నిదర్శనములు కలవు. 2017లో ఎపిక్ గేమ్స్ సంస్థ ఫోర్ట్‌నైట్ యుద్ధక్రీడను ఉచితముగా ఆడుకొనుట కిచ్చెను. ప్రపంచమంతట బాలబాలికలు దానికి ఆకర్షితులైరి. 2022 డిసెంబరులో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషను చేసిన అభియోగములపై ఆ సంస్థ 52 కోట్ల డాలర్లు చెల్లించుటకు అంగీకరింపవలసి వచ్చెను. అందు 27.5 కోట్లు పిల్లల వ్యక్తిగత వివరములకు సంబంధించిన చట్టమును ఉల్లంఘించినందుకు జరిమానా, 24.5 కోట్లు కొనుగోలుదారులకు తిరిగి ఈయవలసినవి. మీటల అమరికచేత ఒక్క నొక్కుతోనే కోరని వస్తువునకు డబ్బు పోయెడిదనియు, ఆ సొమ్మును గూర్చి కార్డు సంస్థకు ఫిర్యాదు చేసినవారి ఖాతాలను మూసివేసిరనియు కమిషను ఆరోపించెను. ఆదరించిన ఆటగాడు న్యాయమడిగినంతనే పరాయివాడైనాడు.

ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ సంస్థ కథ మరియొక తీరు. 2017లో ఆ సంస్థ విడుదల చేసిన స్టార్ వార్స్ బ్యాటిల్‌ఫ్రంట్ 2 ఉచితము కాదు, వెలయిచ్చి కొనవలసినది. అట్లు కొన్నవారికే లోపల మరల అదృష్టపు పెట్టెలు అమ్మజూచిరి. తెరచినగాని లోపలనేమున్నదో తెలియని పెట్టెలవి. ఆటగాండ్ర ఆగ్రహమునకు జంకి, విడుదలకు ముందే ఆ అమ్మకమును ఆపిరి. మరుసటి యేడు బెల్జియం ప్రభుత్వము ఇట్టి పెట్టెల అమ్మకము జూదమే యని తేల్చెను. ఈ సంస్థకు మన హైదరాబాదులోను నిర్మాణశాల కలదు గనుక, ఇది దూరదేశపు ముచ్చటగా భావించుటకు వీలులేదు.

తెలుగునాట ఈ వివేచన క్రొత్తదియు కాదు. సికింద్రాబాదు క్లబ్బులో ఆడిన రమ్మీని గూర్చిన వ్యాజ్యమున, 1960వ దశకములోనే సుప్రీంకోర్టు అది ప్రధానముగా నైపుణ్యముతో కూడిన ఆట యని చెప్పెను. ఐనను ఇంటి యజమానియో, క్లబ్బువారో పందెపుటాటనుండి లాభము గడించుచున్నట్లు సాక్ష్యమున్నచో నేరము కావచ్చునని హెచ్చరించెను. అర్ధశతాబ్దము తరువాత ఆ క్లబ్బే సెల్ ఫోనులోనికి వచ్చినది. తెలంగాణ ప్రభుత్వము 2017లోను, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2020లోను ఆన్‌లైన్ పందెపుటాటలను నిషేధించినవి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికిని అట్టి శాసనమును ఆమోదించెను. పందెము లేని ఆటలోని వల మాత్రము ఈ నిషేధములకు చిక్కునది కాదు.

లాభార్జన స్వతః దోషమనుట అన్యాయము. నిర్మాతకును కుటుంబమున్నది, జీతములీయవలసిన పనివారున్నారు. 2016లో హెలో గేమ్స్ అను చిన్న సంస్థ విడుదల చేసిన నో మ్యాన్స్ స్కై విస్తారముగా అమ్ముడయ్యెను. కాని చెప్పిన వన్నియు అందులేవని కొన్నవారు నిందించిరి. ఆ సంస్థ వచ్చిన ధనముతో తృప్తిపడి ఊరకుండక, ఏండ్ల తరబడి క్రొత్త భాగములను ఉచితముగా చేర్చి మాట నిలుపుకొనెను. ధనము చేతికందిన పిదప ఆటగానియెడ మర్యాద నిలుపుట అసాధ్యము కాదని దీనివలన తెలియుచున్నది.

ఇబ్రహీంపట్నము పరిసరముల ఇంజనీరింగు కళాశాలలు పెక్కు గలవు. అచ్చట నేడు ఆడుచున్న విద్యార్థులలో కొందరు రేపు ఆటలను నిర్మింతురు. పిల్లల చేతినుండి ఫోను లాగుకొనుటతో ఉపాధ్యాయుల బాధ్యత తీరదు. ఈ ఆట ఎవరికి, ఎట్లు డబ్బు తెచ్చుచున్నదో లెక్క కట్టుట నేర్పవలెను. రేపు ఆట నిర్మించు విద్యార్థి తన్ను తాను అడుగవలసిన ప్రశ్న యొకటి కలదు: ఆడువాడు చాలించి లేచిపోదలచినచో, అతనికి త్రోవ తెరచి ఉంచితినా?