ఖాళీ పోస్టులే సంకెళ్లు

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం-2017లోని 97వ సెక్షన్‌లో ఒక నిషేధం ఉంది. సిబ్బంది కొరతను మాత్రమే కారణంగా చూపి ఏ మానసిక చికిత్సాలయమూ రోగిని కట్టివేయరాదని అది శాసిస్తోంది. ఇది ఊహాలోకంలో విహరించి రాసిన వాక్యం కాదు. దేశంలోని ఆసుపత్రుల్లో దశాబ్దాలుగా సాగిన ఆచారాన్ని ఎరిగి, రేపటి పాలకులు చెప్పబోయే సాకును ముందే పసిగట్టి శాసనకర్తలు చేర్చిన వాక్యం. తక్షణ ప్రమాదం పొంచి ఉన్నప్పుడు, దాన్ని నివారించే మరో మార్గమేదీ లేనప్పుడు, బాధ్యుడైన మనోవైద్యుడి అనుమతితో, అత్యవసరమైనంత సేపు మాత్రమే రోగి కదలికలను నిర్బంధించవచ్చు. కారణమూ వ్యవధీ రాతపూర్వకంగా నమోదు కావాలి. రోగి తరఫు ప్రతినిధికి 24 గంటల్లోగా తెలియాలి. నెలనెలా మానసిక ఆరోగ్య సమీక్షా మండలికి నివేదిక వెళ్లాలి. ఇంత పకడ్బందీగా రాసుకున్న చట్టంలోనూ ఒక వెలితి మిగిలిపోయింది. కొరతను సాకుగా చూపవద్దని ఆసుపత్రిని హెచ్చరించిన శాసనం, ఆ కొరతను ఏళ్ల తరబడి పెంచి పోషిస్తున్న ప్రభుత్వాలను ఏ బోనులోనూ నిలబెట్టలేదు.

తమిళనాడులోని రామనాథపురం జిల్లా ఏర్వాడిలో 2001 ఆగస్టు 6 తెల్లవారుజామున ఒక ప్రైవేటు మానసిక గృహానికి నిప్పంటుకుంది. గొలుసులతో బంధించి ఉన్న రోగులు లేచి పరుగెత్తలేకపోయారు. 28 మంది మరణించారు. సర్వోన్నత న్యాయస్థానం తనంతట తానే జోక్యం చేసుకున్నది అప్పుడే. మనోరోగులను ఏ రూపంలోనూ గొలుసులతో బంధించరాదని 2017 చట్టం 95వ సెక్షన్‌లో విస్పష్టంగా ప్రకటించడానికి ఆ ఘోరమే ప్రధాన నేపథ్యం. అయినా జాతీయ మానవ హక్కుల కమిషన్ 2023 జనవరిలో దేశంలోని 46 ప్రభుత్వ మానసిక ఆరోగ్య సంస్థల స్థితిగతులను పరిశీలించి, అక్కడి పరిస్థితులు అమానవీయంగా ఉన్నాయని తీర్పు చెప్పవలసి వచ్చింది. ఏదో ఒక రాష్ట్రంలోనో, ఒకటి రెండు సంస్థల్లోనో లోపముంటే దాన్ని నిర్వాహకుల వైఫల్యమని సరిపెట్టుకోవచ్చు. మొత్తం 46 సంస్థలూ ఒకే తీరుగా ఉంటే దాన్ని విధానమనే అనాలి.

ఇంతకూ లోపించిందేమిటి? భవనాలు కావు, మందులు కూడా ప్రధానంగా కావు. లోపించింది మనిషి. మానసిక వార్డులో రేయింబవళ్లు రోగి చెంత ఉండేది నర్సు. వైద్యుడు ఉదయం రౌండ్స్‌కు వచ్చి, కేస్ షీటు మీద నాలుగు మాటలు రాసి వెళ్తాడు. మిగతా సమయమంతా ఆ వార్డు స్టాఫ్ నర్సుదే. నిన్నటిదాకా మాట్లాడిన రోగి ఇవాళ ఎందుకు మౌనం దాల్చాడో, అన్నం ఎందుకు ముట్టలేదో, రాత్రి రెండింటికి లేచి వరండాలో ఎందుకు పచార్లు చేస్తున్నాడో మొదట గమనించవలసింది ఆమే. మాత్ర మింగాడా, దవడలో దాచాడా అని చూడవలసిందీ, ఉద్రేకంతో ఊగిపోతున్న మనిషి ఎదుట గొంతు పెంచకుండా, దారికి అడ్డం నిలబడకుండా, అతణ్ని మాటల్లో పెట్టి శాంతింపజేయవలసిందీ ఆమే. మాట పనిచేయక ఇంజెక్షన్ ఇవ్వవలసి వస్తే, ఆ తరువాత నాడి, రక్తపోటు, శ్వాస పదే పదే పరిశీలించే బాధ్యత కూడా ఆమెదే. మత్తులో పడుకున్న రోగి ప్రశాంతంగా ఉన్నాడని వదిలేసిన వార్డుల్లోనే అనర్థాలు జరుగుతాయి. ఆత్మహత్యా ప్రమాదం తీవ్రంగా ఉన్న రోగిపై నిరంతర పర్యవేక్షణ అవసరమని వైద్యుడు రాస్తే, ఆ షిఫ్టంతా ఒక మనిషి ఆ ఒక్క రోగికే అంకితమై ఉండాలని అర్థం. కిక్కిరిసిన వార్డు మొత్తానికీ నైట్ డ్యూటీలో ఒకే నర్సు ఉన్న చోట ఆ ఉత్తర్వు కాగితం మీదే ఉండిపోతుంది. ఆమె ముందు మిగిలేవి రెండే దారులు: కట్టివేయడం, లేదా మత్తులో ముంచడం. మొదటిది చట్టవిరుద్ధం. రెండోది అదే నిర్బంధం, కాకపోతే తాడు కనిపించదు.

ఈ విద్య పుస్తకం చదివి ఒక్క నెలలో అబ్బేది కాదు. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ ప్రాంగణంలో మానసిక నర్సింగ్‌లో ప్రత్యేక డిప్లొమా శిక్షణ 1950లలోనే మొదలైంది. తరువాతి దశాబ్దాల్లో ఆ విద్య దేశమంతటా విస్తరించి ఉంటే ఇవాళ ఈ సంపాదకీయం అవసరమే ఉండేది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017 నాటి గణాంకాల ప్రకారం మానసిక ఆరోగ్య రంగంలో పనిచేసే నర్సులు మన దేశంలో లక్ష జనాభాకు ఒక్కరు కూడా లేరు. పార్లమెంటరీ స్థాయీ సంఘం 2023లో ఎత్తిచూపిన లెక్క ప్రకారం మనోవైద్యులు లక్షకు 0.75 మంది మాత్రమే. కనీసం ముగ్గురుండాలన్నది లక్ష్యం. ఈ దురవస్థను సరిదిద్దవలసిన చట్టమే ఒక చోట దానితో రాజీపడింది. సాధారణ నర్సింగ్‌లో డిప్లొమా ఉన్నవారూ మానసిక ఆరోగ్య నర్సు నిర్వచనంలో ఇమిడిపోతారు. కొరతను తీర్చలేని ప్రభుత్వం నిర్వచనాన్ని సడలించి కొరత లేనట్లు కనిపించడం ఎంత సులువో వేరే చెప్పాలా! నిన్న ప్రసూతి వార్డులో, నేడు మానసిక వార్డులో, రేపు డయాలసిస్ కేంద్రంలో డ్యూటీ వేసే బదిలీల పద్ధతిలో, రోగి ముఖం చూసి ప్రమాదాన్ని పసిగట్టే నేర్పు ఎవరికి ఎప్పుడు అబ్బుతుంది?

ఈ శూన్యాన్ని ప్రస్తుతం పూరిస్తున్నవారు ఎవరో పాఠకులకు తెలియనిది కాదు. పేషెంటు పక్కన ఇంటివాళ్లు ఒకరు తప్పనిసరిగా ఉండాలన్నది మన ఆసుపత్రుల్లో అలిఖిత నిబంధన. కూలి మానుకొని వచ్చిన తల్లి, పసిబిడ్డను పొరుగింట వదిలి వచ్చిన భార్య, ఏ శిక్షణా లేకుండా, ఏ జీతమూ లేకుండా, కునుకు తీయడానికైనా హక్కు లేకుండా ఆ కాపలా కాస్తున్నారు. కుటుంబం తోడుంటే రోగి త్వరగా కోలుకుంటాడనడంలో సందేహం లేదు. కానీ తోడు వేరు, కాపలా వేరు. మొదటిది ఆదరణ, రెండోది రాజ్యం తన కర్తవ్యాన్ని నిరుపేద స్త్రీల భుజాలపైకి దొర్లించడం.

ఆత్మహత్యకు యత్నించి బతికి బయటపడినవారి విషయంలో ఈ నిర్లక్ష్యం మరింత దారుణం. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం 2022లో దేశంలో 1,70,924 మంది బలవన్మరణం చెందారు. యత్నించి బతికినవారు అంతకు ఎన్నో రెట్లు ఉంటారు. వారు తీవ్ర మానసిక ఒత్తిడిలో ఉన్నట్లు భావించి శిక్షించరాదని 2017 చట్టం 115వ సెక్షన్ చెప్పినప్పుడు దేశం హర్షించింది. అదే సెక్షన్‌లోని రెండో భాగం మాత్రం ఎవరి చెవికీ ఎక్కలేదు. అలాంటివారికి సంరక్షణ, చికిత్స, పునరావాసం కల్పించి, మరోసారి ఆ యత్నం జరిగే ముప్పును తగ్గించవలసిన బాధ్యత ప్రభుత్వానిదని అది నిర్దేశిస్తోంది. ఆచరణలో జరుగుతున్నదేమిటి? అత్యవసర విభాగంలో ప్రాణం నిలబెడతారు. పోలీసులకు సమాచారం వెళ్తుంది. ఆరోగ్యం కుదుటపడగానే డిశ్చార్జి చీటీ చేతికిస్తారు. ఎందుకిలా చేశావని ఆదరంగా అడిగేవారు గాని, వారం తరువాత ఎలా ఉన్నావని ఫోన్ చేసేవారు గాని ఉండరు. ఆసుపత్రి గడప దాటిన తొలి వారాలే అత్యంత ప్రమాదకరమైనవని వైద్యలోకం ఏనాడో తేల్చింది. సరిగ్గా ఆ వారాల్లోనే మన వ్యవస్థ అదృశ్యమవుతుంది.

దీనికి విరుగుడు దుర్లభమూ కాదు, ఖరీదైనదీ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అయిదు దేశాల్లో జరిపి 2008లో ఫలితాలు ప్రకటించిన అధ్యయనంలో మన చెన్నై కూడా ఒక కేంద్రం. ఆత్మహత్యకు యత్నించి అత్యవసర విభాగానికి వచ్చినవారితో డిశ్చార్జికి ముందు ఒక గంట మాట్లాడారు. ఆ తరువాత 18 నెలల్లో తొమ్మిది సార్లు ఫోన్లోనో, ఇంటికి వెళ్లో పలకరించారు. మామూలు చికిత్స మాత్రమే అందినవారిలో 2.2 శాతం మంది ఆ వ్యవధిలో ఆత్మహత్య చేసుకోగా, ఇలా పలకరింపు అందినవారిలో ఆ సంఖ్య 0.2 శాతం. అధునాతన యంత్రాలు లేవు, కొత్త ఔషధాలు లేవు. శిక్షణ పొందిన నర్సు, ఒక ఫోను, ఒక రిజిస్టరు చాలు. పొరుగు నగరంలో రుజువైన ఈ పద్ధతిని ప్రతి జిల్లా ఆసుపత్రిలో నిత్యకృత్యం చేయడానికి ఇన్నేళ్లుగా ఏ ఆర్థికశాఖ అడ్డుపడిందో ఏలినవారు చెప్పగలరా?

ప్రమాదాన్ని అంచనా వేయడమంటే ఒక ఫారం నింపి, స్వల్పం, మధ్యమం, తీవ్రం అని ముద్ర కొట్టడం కాదు. అలాంటి కొలమానాలతో రేపటి ఆత్మహత్యను ముందుగా చెప్పలేమనీ, వాటి ఆధారంగా ఎవరికి చికిత్స ఇవ్వాలో నిర్ణయించరాదనీ బ్రిటన్‌లో వైద్య ప్రమాణాలను నిర్దేశించే నైస్ సంస్థ 2022లో తన మార్గదర్శకాల్లో స్పష్టం చేసింది. స్వల్పమని ముద్రపడిన రోగిని ఇంటికి పంపితే, రేపు అనర్థం జరిగినా ఫారం నింపినవారికి రక్షణ ఉంటుంది, రోగికి ఉండదు.

ఆసుపత్రి ప్రహరీ బయట పరిస్థితి ఇంకా అధ్వానం. అర్ధరాత్రి ఇంట్లో ఒక మనిషి మతి చలించి కత్తి పట్టుకుంటే ఎవరిని పిలవాలి? గుండెపోటు వచ్చినా, రోడ్డు ప్రమాదం జరిగినా 108 అన్న నంబరు మన నాలుక చివర ఉంటుంది. మానసిక సంక్షోభంలో మాత్రం చివరికి వచ్చేది పోలీసు జీపు. 2020 మేలో విశాఖపట్నం నడిరోడ్డు మీద ఒక ప్రభుత్వ మత్తు వైద్యుడి చేతులు వెనక్కి కట్టి పట్టుకున్న దృశ్యాలు రాష్ట్రమంతా చూసింది. ఆయనను చివరికి మానసిక ఆసుపత్రికి తరలించారు. ఆ వ్యవహారంపై రాష్ట్ర హైకోర్టు సీబీఐ దర్యాప్తుకు ఆదేశించింది. అందులోని రాజకీయాన్ని పక్కన పెట్టినా ఒక సత్యం మిగులుతుంది. మనోవ్యధలో ఉన్నాడని తాము భావించిన పౌరుడి పట్ల ఎలా ప్రవర్తించాలో మన పోలీసులకు ఎవరూ నేర్పలేదు. అలాంటివారిని 24 గంటల్లోగా సమీప ప్రభుత్వ ఆరోగ్య కేంద్రానికి చేర్చాలనీ, ఎట్టి పరిస్థితుల్లోనూ లాకప్‌లో ఉంచరాదనీ 2017 చట్టం 100వ సెక్షన్ చెబుతోంది. ఎన్ని పోలీసు స్టేషన్లలో ఈ సెక్షన్ పేరైనా విన్నారు?

సంక్షోభాలు చెప్పకుండా వస్తాయన్న వాదనకూ విలువ లేదు. తెలంగాణలో 2015లో కల్తీ కల్లుపై దాడులు ఉధృతమైనప్పుడు, మత్తు ఒక్కసారిగా అందక వణుకుతో, మూర్ఛలతో, పిచ్చి చూపులతో వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు. అయిదేళ్ల తరువాత లాక్‌డౌన్‌లో మద్యం దుకాణాలు మూతపడగానే హైదరాబాదులోని ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి ముందు అదే దృశ్యం పునరావృతమైంది. మొదటిసారి నేర్చుకొని ఉంటే జిల్లాల్లోనే పడకలు, శిక్షణ పొందిన నర్సులు సిద్ధంగా ఉండేవారు. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం 1996 నుంచి ఉన్నా, మండల స్థాయి రోగికి హైదరాబాదు, విశాఖ బస్సులే ఇప్పటికీ దిక్కు.

విశాఖలో ఒక నీట్ విద్యార్థిని మృతి కేసులో 2025 జులైలో సర్వోన్నత న్యాయస్థానం తీర్పు చెబుతూ, మానసిక ఆరోగ్యం జీవించే హక్కులో అంతర్భాగమని ప్రకటించింది. వంద మంది లేదా అంతకు మించి విద్యార్థులున్న సంస్థలు అర్హుడైన కౌన్సెలర్‌ను నియమించాలని, హాస్టళ్లలో ఆత్మహత్యకు వీలివ్వని పంకాలు అమర్చాలని ఆదేశించింది. పంకాలు మార్చడం అవసరమే. దానితో కొన్ని ప్రాణాలు నిలుస్తాయి. అయితే పంకాలకు టెండరు పిలిచినంత ఉత్సాహం మనిషిని నియమించడంలో కనిపించకపోవడమే మన పాలనా సంప్రదాయం. టెలి మానస్ 14416 మానసిక ఆరోగ్య సహాయవాణి 2022 అక్టోబరు నుంచి పనిచేస్తోంది. బాధలో ఉన్నవారు నిస్సంకోచంగా దాన్ని ఆశ్రయించాలి. కానీ అవతలి గొంతు సమీప ఆసుపత్రికి వెళ్లమన్నప్పుడు అక్కడ అందుకునే చేయి లేకపోతే ఆ సలహా ఎందుకు పనికొస్తుంది?

అనర్థం జరిగిన ప్రతిసారీ మనం చూసే తంతు ఒక్కటే. ఎర్రగడ్డలో 2025 జూన్‌లో ఆహారం వికటించి పదుల సంఖ్యలో రోగులు అస్వస్థులై, ఒకరు మరణించినప్పుడూ అదే చూశాం. మంత్రుల పరామర్శ, విచారణకు ఆదేశం, కిందివారిపై వేటు. వార్డులో రోగి ఉసురు తీసుకుంటే డ్యూటీ నర్సుకు మెమో, అటెండెంటుకు ఉద్వాసన. ఆ నర్సు పక్కన ఉండవలసిన మరో ఇద్దరి పోస్టులను ఏళ్ల తరబడి ఖాళీగా ఉంచిన ఫైలు మీద సంతకం చేసిన అధికారికి, దానికి నిధులు నిరాకరించిన శాఖకు ఏనాడైనా మెమో అందిందా? అవుట్‌సోర్సింగ్ సిబ్బందితో నెట్టుకొస్తూ, వారి భద్రతను గాలికి వదిలి, రోగి దాడిలో నర్సు గాయపడినా అది ఉద్యోగంలో భాగమేనని తేల్చేసే వ్యవస్థ నుంచి కరుణను ఆశించడమే అత్యాశ.

మానసిక ఆరోగ్య నిపుణుల సంఖ్యను అంతర్జాతీయ ప్రమాణాలకు చేర్చడానికి 2017 చట్టం 31వ సెక్షన్ ప్రభుత్వాలకు పదేళ్ల గడువిచ్చింది. చట్టం అమల్లోకి వచ్చింది 2018లో. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు తమ మానసిక వైద్యశాలల్లో, జిల్లా ఆసుపత్రుల్లో మంజూరైన నర్సు పోస్టులెన్ని, భర్తీ అయినవెన్ని, వారిలో మానసిక నర్సింగ్‌లో శిక్షణ పొందినవారెందరు అన్న వివరాలను తక్షణం శాసనసభల ముందుంచాలి. 97వ సెక్షన్ కింద నెలనెలా పంపవలసిన నిర్బంధ నివేదికలను, రోగుల పేర్లు మినహాయించి, బహిరంగపరచాలి. ఆత్మహత్యాయత్నంతో వచ్చిన ఏ రోగినీ మానసిక పరీక్ష లేకుండా, తదుపరి పలకరింపు తేదీ రాయకుండా డిశ్చార్జి చేయరాదని ఆదేశం జారీ చేయాలి. మానసిక వార్డులో శిక్షణ పొందిన నర్సును కనీస కాలపరిమితి ముగియకుండా వేరే చోటికి బదిలీ చేయరాదు. పౌరులుగా మనమూ మన శాసనసభ్యులను ఈ లెక్కలే అడగాలి. గడువు 2028తో తీరిపోతుంది. ఆ తరువాత ఈ రాష్ట్రాల్లో సిబ్బంది లేరన్న కారణంతో రోగి మంచానికి కట్టే ప్రతి కట్టుకూ ప్రభుత్వమే ముద్దాయి.