ఆయన రానంటే.. ముందు మీరు రండి

నెలకోసారి మా బస్తీలో, ఇంట్లో తాగుడుతో సతమతమయ్యే కుటుంబాలతో కూర్చుంటాం. అక్కడ తరచూ వినిపించే మాట ఒకటే: ‘డాక్టరు గారూ, ఆయనకు తెలియకుండా కూరలో కలిపే మందేదైనా రాయండి.’

బాధ అర్థమవుతుంది. కానీ రాయను. డైసల్ఫిరామ్ మాత్ర వేశాక తాగితే వాంతులు, గుండెదడ మొదలవుతాయి. బీపీ పడిపోయి ప్రాణం మీదికీ రావచ్చు. రోగికి చెప్పి, పరీక్షలు చేశాకే ఇవ్వాల్సిన మందు అది. రోజూ బాగా తాగేవారిని గదిలో పెట్టి హఠాత్తుగా మాన్పించడమూ ప్రమాదమే. రెండు మూడు రోజుల్లో ఫిట్స్, మతిభ్రమ రావచ్చు.

మరేం చేయాలి? ఆయన రానంటే ముందు మీరు రండి. నా దృష్టిలో ఇంట్లోవాళ్లకూ చికిత్స అవసరమే. పరువు పోతుందని దాచినన్నాళ్లూ జబ్బు ముదురుతుంది. ఆఫీసుకు ఫోన్ చేసి ‘జ్వరం’ అని చెప్పకండి, తాగుడు అప్పులు తీర్చకండి. మత్తులో ఉన్నప్పుడు వాదించకండి, తెల్లారాక మాట్లాడండి. తప్పు తమది కాదని పిల్లలకు చెప్పండి. చెయ్యి చేసుకుంటే 181కి ఫోన్ చేయండి. టెలీమానస్ 14416లో రాత్రి పగలూ ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు.

ఒంటరిగా వచ్చిన భార్యల వెనుక, కొన్ని నెలలకు గుమ్మం దగ్గర తచ్చాడిన భర్తలను చూశాను. అందరూ రాలేదు. వచ్చినవాళ్లు మాత్రం అలాగే వచ్చారు.