ర్యాంపు కడితే చర్చి అందం చెడదు

సంపాదకులకు,

పాత చర్చిలకు ర్యాంపులు, మరుగుదొడ్లు పెడితే వాటి అందం చెడుతుందని గత సంచికలో ఒక పాఠకుడు బాధపడ్డారు. అందాన్ని నిజంగా చెడగొట్టేది సిమెంటు. సున్నపు గోడకు సిమెంటు పూత వేస్తే లోపలి తేమ బయటికి పోలేక పెచ్చులూడిపోతాయి. మరమ్మతు పేరుతో ఆ పని చేస్తుంటే మాత్రం ఎవరూ ఉత్తరం రాయరు!

ర్యాంపుకు అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు కావాలి. 6 అంగుళాల మెట్లు మూడుంటే 18 అడుగులు. ముందు వాకిట చోటు చాలకపోతే పక్క తలుపుకు పెట్టొచ్చు. గోడకు ఆనించకుండా విడిగా కడితే, రేపు తీసేసినా పాత కట్టడానికి దెబ్బ తగలదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రజలు వచ్చే ప్రార్థన స్థలాలనూ పబ్లిక్ భవనాలుగానే లెక్కించింది.

ఇక చర్చి హాలును వేరే పనులకు వాడటం గురించి: 1840లో నెల్లూరు చేరిన అమెరికన్ బాప్టిస్టు మిషను తర్వాత బడులూ ఆసుపత్రులూ నడిపింది. అలాంటిది ఆదివారం తప్ప తాళం వేసి ఉండే చర్చి హాల్లో వైద్య శిబిరమో ట్యూషనో పెడితే తప్పేమిటి? ప్రసంగ వేదిక జోలికి వెళ్లొద్దని ఆ పాఠకుడు అన్న మాటకు నేనూ ఒప్పుకుంటాను. బల్లల సంగతి వేరు: ఒక వరసలో చివరి బల్ల కాస్త కుదిస్తే చక్రాల కుర్చీ నడవకు అడ్డం రాకుండా నిలుస్తుంది.

— ఒక పాఠకురాలు, ఆత్మకూరు