గీత సంగతి తర్వాత, ముందు లివర్ చూడండి

పార్కింగ్‌లో పెట్టిన బండి పడిపోవడం మన ఊళ్లలో రోజూ జరిగేదే. ఎండకు మెత్తబడ్డ తారులో, వానకు నానిన మట్టిలో సైడ్ స్టాండ్ దిగబడుతుంది. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పక్క బండి తీస్తుంటే హ్యాండిల్ తగిలి ఒకదాని మీద ఒకటి ఒరుగుతాయి. లేపి నిలబెట్టగానే ఎవరి చూపైనా ముందు ట్యాంకు మీదికే పోతుంది. సొట్ట పడిందా, రంగు లేచిందా? వాయిదాలు కట్టి కొన్న బండి మీద ఆ బెంగ సహజమే. అయినా పడ్డ బండిలో మనం చూడాల్సినది వదిలేసి చూడనక్కర్లేనిది చూస్తున్నామని నాకనిపిస్తుంది. గీత వల్ల ప్రాణానికి ముప్పు లేదు. వంగిన లివర్ వల్ల ఉంది.

నిలబడి ఉన్న బండి ఒరిగితే ముందుగా నేలను తాకేవి హ్యాండిల్ చివర, లివర్, ఫుట్‌రెస్ట్. గేర్ల బండి ఎడమకు పడితే దెబ్బ క్లచ్‌కూ గేరుకూ తగులుతుంది. కుడికి పడితే ముందు బ్రేకు, ఎక్సలేటర్, వెనక బ్రేకు పెడల్ మూడూ ఆ పక్కనే ఉంటాయి, కాబట్టి ఇంకా జాగ్రత్త కావాలి. బ్రేకు, క్లచ్ లివర్లు ఎక్కువగా అల్యూమినియంవి. వంగినదాన్ని పైపు దూర్చి వెనక్కి లాగితే పైకి బాగానే కనిపిస్తుంది గానీ వంపు దగ్గర పగులు మిగిలిపోవచ్చు. ఆ పగులు బయటపడేది గట్టిగా బ్రేకు పట్టాల్సి వచ్చినప్పుడే. ఎక్సలేటర్ తిప్పి వదిలితే దానంతటదే వెనక్కి రావాలి. డిస్క్ బ్రేకు లివర్ మెత్తగా లోపలికి పోతున్నా, ముందు చక్రం నేరుగా ఉండగా హ్యాండిల్ పక్కకు తిరిగి ఉన్నా బండి మెకానిక్ దగ్గరికి వెళ్లాల్సిందే. పెట్రోలు కారి ఉంటే అది ఆరేదాకా స్టార్ట్ చేయకూడదు.

‘స్టార్ట్ అయింది, నడుస్తోంది, ఇంకేం చూడాలి?’ అంటారు చాలామంది. ఇంజిన్ నడవడానికీ బ్రేకు పడటానికీ సంబంధమే లేదు. రంగు లేస్తే తుప్పు పడుతుందన్న మాటలో కొంత నిజముంది. ఇనుప ట్యాంకుకు రంగు పూయాల్సిందే, కానీ అది వచ్చే నెల పూసినా మునిగిపోయేదేం లేదు. ప్లాస్టిక్ ప్యానెళ్లకు తుప్పు భయం అసలే లేదు. ఇన్సూరెన్స్ ఉందిగా అనుకునేవాళ్లు ముందు పాలసీ తీసి చూడాలి. థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉంటే సొంత బండికి పైసా రాదు. సమగ్ర పాలసీ ఉన్నా, అదనపు కవరేజీ తీసుకోకపోతే ప్లాస్టిక్ భాగాల ధరలో 50 శాతం తరుగు కింద కోసేస్తారు. పైగా క్లెయిమ్ లేని తొలి ఏడాదికి 20 శాతంతో మొదలై 50 శాతం దాకా పెరిగే బోనస్ పోతుంది. లివర్, ఇండికేటర్, అద్దం లాంటి చిన్న ఖర్చు సొంతంగా పెట్టుకోవడమే లాభం.

నన్ను ఎక్కువ బాధపెట్టేది పడేసినవాళ్లు చేసే పని. బండిని గబగబా లేపి, ఎవరూ చూడలేదని వెళ్లిపోతారు. ఖర్చు ఇవ్వడం న్యాయం. అది కుదరకపోయినా, పడిందని ఒక్క మాట చెప్పడం తప్పనిసరి, వాచ్‌మన్‌తోనైనా, హ్యాండిల్‌కు దోపిన చీటీతోనైనా. ఆ మాట అందకపోతే, బండి యజమాని పొద్దున్నే బిడ్డను వెనక కూర్చోబెట్టుకుని ఆ పగిలిన లివర్‌నే నమ్ముకుని స్కూలుకు బయల్దేరతాడు.